రేపటికి ఎంత పప్పు నానబెట్టాలి? స్టొకాస్టిక్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఒక దారి

గుంటూరులో మా సందు చివర ఒక టిఫిన్ బండి ఉంది. ఆ బండి ఆయన రోజూ మధ్యాహ్నం ఒక నిర్ణయం తీసుకోవాలి: రేపటి ఇడ్లీకి ఎంత మినప్పప్పు నానబెట్టాలి? రేపు పొద్దున వాన పడుతుందో, పక్కనున్న కల్యాణమండపం నుంచి పెళ్ళివారు బండి మీదికి వచ్చి పడతారో అప్పటికి తెలియదు. పప్పు నానాక, రుబ్బాక, పిండి పులిశాక ఇక వెనక్కి పోవడం లేదు. తెల్లారాక చేయగలిగింది కొంచెమే: ఉన్నదాన్ని అమ్ముకోవడం, మిగిలితే ఏదో ఒక రేటుకి వదిలించుకోవడం.

స్టొకాస్టిక్ ప్రోగ్రామింగ్ అంటే ఇదే సంగతిని లెక్కగా రాయడం. రేపు ఏమవుతుందో కనిపెట్టే విద్య వేరే ఉంది, దాన్ని ఫోర్‌కాస్టింగ్ అంటారు. ఇక్కడ మన పని వేరు: తెలియక ముందే చేయాల్సినవి ఏవి, తెలిశాక చేయగలిగినవి ఏవి అని విడదీసి, రెండోదాన్ని దృష్టిలో పెట్టుకుని మొదటిదాన్ని నిర్ణయించుకోవడం. ఈ విడదీయడం ఒంటబడితే సబ్జెక్టు సగం వచ్చినట్టే. నేను దీన్ని తిరగేసి మొదలుపెట్టాను. లావుపాటి పుస్తకం తెరిచి, సంభావ్యతకి పునాది అయిన మెజర్ థియరీ దగ్గర కూరుకుపోయి, ఆరు నెలలు పోగొట్టుకున్నాను. మీరు ఆ దారిన పోకండి.

మొదటి మెట్టు: చేతిలో ఏముందో చూసుకోండి

మీకు రెండు విషయాలు వచ్చి ఉండాలి. ఒకటి లీనియర్ ప్రోగ్రామింగ్. బీటెక్ మెకానికల్‌లోనో ఎంబీఏలోనో ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్) పేపరు రాసినవాళ్ళకి ఇది కొంచెమైనా గుర్తుంటుంది. మర్చిపోతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వాళ్ళ ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఈ సమస్యల్ని పరిష్కరించే సింప్లెక్స్ పద్ధతి పట్టికలు చేత్తో చేయడం అవసరం లేదు. ఒక సమస్యను వేరియబుల్స్, షరతులు, లక్ష్యం అని విడగొట్టి రాయగలగాలి, డ్యూయల్ ధర (ఒక షరతు కాస్త సడలితే లక్ష్యం ఎంత మారుతుందో చెప్పే అంకె) అంటే ఏమిటో చెప్పగలగాలి. రెండోది సంభావ్యత, అదీ ఇంటర్ టూ-ఏ స్థాయిలో చాలు: సగటు, షరతులతో కూడిన సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశి. రోజుకి గంట చొప్పున రెండు వారాల్లో ఈ రెండూ దులిపి పెట్టుకోవచ్చు.

రెండో మెట్టు: ఒక్క సమస్యను కాగితం మీద చేత్తో చేయండి

కంప్యూటరు మూసేయండి. ఈ అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని నేను వేసుకున్నవి, మీ వీధి బండి అంకెలు వేరుగా ఉంటాయి.

ఒక ప్లేటుకి సరిపడా పిండికి ఖర్చు 10 రూపాయలు. ప్లేటు అమ్మకం 40 రూపాయలు. మిగిలిన పిండిని ఊతప్పాలకని ఒకాయన ప్లేటుకి 5 రూపాయల లెక్కన తీసుకుంటాడు. రేపు మూడు రకాలుగా ఉండొచ్చు. వాన పడితే గిరాకీ 100 ప్లేట్లు, దానికి అవకాశం 30 శాతం. మామూలు రోజైతే 150, అవకాశం 50 శాతం. పెళ్ళి జనం వస్తే 200, అవకాశం 20 శాతం. ముహూర్తాలు పంచాంగంలో ముందే తెలుస్తాయి కదా అంటారేమో. ముహూర్తం తెలుస్తుంది. చుట్టాలకి మండపంలోనే టిఫిన్ పెడతారా, బండి దగ్గరికి వస్తారా అన్నది తెలియదు.

ఈ మూడింటినీ సినారియోలు అంటారు. గిరాకీ సగటు 145. చాలామంది ఇక్కడితో ఆగి, 145 ప్లేట్లకి పిండి వేసేద్దాం అంటారు. వేసి చూద్దాం. వాన రోజున 100 ప్లేట్లకి 4,000 వస్తాయి, మిగిలిన 45 ప్లేట్ల పిండికి 225, ఖర్చు 1,450 పోను 2,775 మిగులుతుంది. మామూలు రోజైనా పెళ్ళి రోజైనా అమ్మేది 145 ప్లేట్లే కాబట్టి మిగిలేది 4,350. అవకాశాలతో గుణించి కలిపితే రోజుకి సగటున 3,877 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు ధైర్యం చేసి 200కి వేయండి. వాన రోజు 2,500, మామూలు రోజు 4,250, పెళ్ళి రోజు 6,000. సగటు 4,075. వింతగా లేదూ? 200 గిరాకీ వచ్చేది అయిదు రోజుల్లో ఒక్కరోజు. అయినా రోజూ 200కి వేయడమే లాభం. ఎందుకంటే ఒక ప్లేటు తక్కువైతే పోయేది 30 రూపాయలు, ఒక ప్లేటు ఎక్కువైతే పోయేది 5. ముప్పైని ముప్పై అయిదుతో భాగిస్తే సుమారు 0.86. గిరాకీ ఇంతకు మించదు అనే భరోసా కనీసం 86 శాతం ఉండేంత వరకు పిండి వేసుకుంటూ పోవాలి. 150 దగ్గర ఆ భరోసా 80 శాతమే, కాబట్టి 200 దాకా పోవాల్సిందే. దీన్ని పేపర్లమ్మే కుర్రాడి లెక్క అంటారు. దీని మూలం పాతదే: బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలన్న ప్రశ్నకి ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త 1888లోనే ఈ తరహా లెక్క వేశాడు.

ఈ కాగితం పారేయకండి, దాని మీద ఇంకో రెండు అంకెలు రాయాలి.

సగటును నమ్ముకున్నందుకు రోజుకి పోయింది 4,075లోంచి 3,877.50 తీసేస్తే 197.50. దీన్ని వీఎస్ఎస్ అంటారు, అంటే అనిశ్చితిని లెక్కలోకి తీసుకున్నందుకు దక్కిన విలువ. నెలకి దాదాపు ఆరు వేలు, ఒక బండికి అది చిన్న మొత్తం కాదు.

రెండోది ఈవీపీఐ, అంటే రేపటి సంగతి పూర్తిగా తెలియడానికి ఉన్న విలువ. రేపటి సంగతి ముందే కచ్చితంగా తెలిస్తే వాన రోజు 100కే వేసి 3,000, మామూలు రోజు 4,500, పెళ్ళి రోజు 6,000 సంపాదించొచ్చు. సగటు 4,350. దానికీ 4,075కీ తేడా 275. రేపటి గిరాకీ పొల్లుపోకుండా చెప్తానని ఎవరైనా వచ్చి రోజుకి 300 అడిగితే వద్దని పంపించేయండి. 200 అడిగితే కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టండి. డేటా మీద, సాఫ్ట్‌వేర్ మీద ఎంత ఖర్చు పెట్టొచ్చన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

మూడో మెట్టు: తెల్లారాక చేయగలిగిందేమిటో అడగండి

ఈ 200 జవాబు పట్టుకుని నేను బండి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వి, "అంత పిండెందుకు బాబూ, తక్కువైతే గ్రైండర్ ఆమె దగ్గర తెప్పిస్తాను కదా" అన్నాడు. నా లెక్కలో గ్రైండర్ ఆమె లేదు.

రుబ్బిన పిండి పొద్దున్నే ఆమె దగ్గర ప్లేటుకి 25 రూపాయల లెక్కన దొరుకుతుందనుకోండి. ఇప్పుడు ఒక ప్లేటు తక్కువైతే పోయేది 30 కాదు, 25లో 10 తీసేయగా 15. ఎక్కువైతే పోయేది మళ్ళీ 5. పదిహేనుని ఇరవైతో భాగిస్తే 0.75. ఇప్పుడు 150 సరిపోతుంది. సరిచూద్దాం: వాన రోజు 2,750, మామూలు రోజు 4,500, పెళ్ళి రోజు 4,500కి తోడు కొని అమ్మిన 50 ప్లేట్ల మీద 750, మొత్తం 5,250. సగటు 4,125. రోజూ 200కి వేస్తే వచ్చేది 4,075 మాత్రమే.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. వానా మారలేదు, పెళ్ళిళ్ళూ మారలేదు, అవకాశాలూ మారలేదు. రేపు పొద్దున చేయగలిగింది ఒకటి పెరిగేసరికి ఈ రోజు చేయాల్సింది 200 నుంచి 150కి దిగింది. తెలిశాక చేసే సర్దుబాటుని రీకోర్స్ అంటారు. మొదటి దశ, రెండో దశ, మధ్యలో అనిశ్చితి తేలడం: రెండు దశల స్టొకాస్టిక్ ప్రోగ్రామ్ అంటే ఇంతే. కొత్తవాళ్ళు సంభావ్యతల మీద నెలలు ఖర్చుపెట్టి రీకోర్స్‌ని ఒక్క పూటలో తేల్చేస్తారు. నా అనుభవంలో మోడల్ చెడేది ఎక్కువగా అక్కడే. పని చేసే మనిషిని "అనుకున్నది జరక్కపోతే మీరేం చేస్తారు?" అని పదిసార్లు అడగండి. పదోసారి గ్రైండర్ ఆమె బయటపడుతుంది.

దీన్ని పద్ధతిగా మొదట రాసింది జార్జ్ డాంట్‌జిగ్. సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిన ఆయనే 1955లో అనిశ్చితి ఉన్నప్పుడు లీనియర్ ప్రోగ్రామింగ్ ఎలా చేయాలో పేపరు రాశాడు. అదే ఏడాది బీల్ అనే గణిత శాస్త్రవేత్త కూడా విడిగా రాశాడు. మరుసటి ఏడు ఫెర్గూసన్‌తో కలిసి డాంట్‌జిగ్ చేసిన ఉదాహరణ విమానాలది: ప్రయాణికులు ఎంతమంది వస్తారో తెలియకుండా ఏ రూటుకి ఎన్ని విమానాలు కేటాయించాలి? మనకి అదే లెక్క దసరాకి విజయవాడలో దొరుకుతుంది. ఇంద్రకీలాద్రికి జనం వచ్చే పది రోజులకి నెహ్రూ బస్టాండు నుంచి ఏ ఊరికి ఎన్ని స్పెషల్ బస్సులు అని ముందే వేయాలి, జనం వచ్చాక డిపోలో ఉన్న కొద్ది బస్సులే అటూ ఇటూ తిప్పగలరు. రెండు రూట్లు, ఇరవై బస్సులు, మూడు సినారియోలతో ఈ సమస్యను మీరే రాయండి. అంకెలు మీ ఇష్టం. ఈ మెట్టుకి హోంవర్క్ అదే.

నాలుగో మెట్టు: ఇప్పుడు కంప్యూటరు తెరవండి

ఎక్సెల్ సాల్వర్‌తో మొదలుపెట్టొచ్చు, కానీ దానికి 200 వేరియబుల్స్ హద్దు ఉంది, త్వరలోనే తగులుతుంది. పైథాన్ మేలు. లాప్‌టాప్ బలంగా లేకపోతే గూగుల్ కోల్యాబ్‌లో పని నడుస్తుంది. మోడల్ రాయడానికి పల్ప్ (PuLP) తేలిక, కొంచెం పెద్దవాటికి పయోమో (Pyomo). రాసిన మోడల్‌ని పరిష్కరించే సాల్వర్‌గా హైస్ (HiGHS) ఉచితం, మంచిది. డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు.

ఇడ్లీ లెక్కనే రాయండి. మొదటి దశలో ఒకే వేరియబుల్: పిండి. ప్రతి సినారియోకీ మూడు: అమ్మింది, మిగిలింది, కొన్నది. మొత్తం పది. ప్రతి సినారియోలోనూ పిండి, కొన్నది కలిపితే అమ్మింది, మిగిలింది కలిపినంత ఉండాలి. అమ్మింది ఆ సినారియో గిరాకీని మించకూడదు. లక్ష్యం: పిండి ఖర్చు పోను, మూడు సినారియోల రాబడి (కొన్నదాని ఖర్చు తీసేశాక) అవకాశాలతో గుణించిన మొత్తాన్ని పెంచడం. నొక్కితే పిండి 150, లాభం 4,125 రావాలి.

4,350 వస్తే? మీరు నేను చేసిన తప్పే చేశారు. విజయవాడలో ఒక ఆఫీసులో గోదాము సరుకు లెక్క వేస్తున్నప్పుడు మొదటి దశ వేరియబుల్‌కి కూడా ప్రతి సినారియోకి ఒకటి చొప్పున పెట్టేశాను. లాభం చూసి పొంగిపోయి మా సీనియర్‌కి చూపించాను. ఆయన అరనిమిషం చూసి, "ఏంటయ్యా, రేపటి సంగతి నీ మోడల్‌కి ఈరోజే ఎవరు చెప్పారు?" అన్నాడు. చెవులు వేడెక్కాయి. వాన వస్తే 100, పెళ్ళైతే 200 అని విడివిడిగా పిండి వేసుకునే వీలు మోడల్‌కి ఇచ్చానంటే, దానికి భవిష్యత్తు తెలిసినట్టే. తెలియని దశలో తీసుకునే నిర్ణయం అన్ని సినారియోలకీ ఒకటే అయి ఉండాలి. దీన్ని నాన్-యాంటిసిపేటివిటీ అంటారు. మీ జవాబు మీరు ఈవీపీఐ కోసం చేత్తో కట్టిన 4,350కి అంటుకుని ఉంటే ముందు ఇక్కడ వెతకండి. చేత్తో చేసిన కాగితాన్ని దాచమన్నది అందుకే.

అయిదో మెట్టు: సినారియోలు ఎక్కడి నుంచి తేవాలి

30, 50, 20 శాతాలు నేను గాల్లోంచి తెచ్చాను. మీరు అలా తేకూడదు. మూడు నెలలు నోటుబుక్కులో రాసిన లెక్క ఉంటే, ప్రతి రోజూ ఒక సినారియో అనుకుని, అన్నింటికీ సమాన అవకాశం ఇచ్చేయండి. తొంభై రోజులంటే తొంభై సినారియోలు. కంప్యూటరుకి అదొక లెక్కే కాదు. సంభావ్యతా విభాజనాలు, ఫార్ములాలు తర్వాత చూసుకోవచ్చు.

ఒక గుంట మాత్రం చూసి అడుగేయండి. అమ్మకం వేరు, గిరాకీ వేరు. పుస్తకంలో 150 అని ఉంటే, 150 మందే వచ్చారా, 150 దగ్గర పిండి అయిపోయిందా? ఎనిమిదీ ముప్పావుకి గిన్నె బోర్లించిన రోజున తర్వాత వచ్చి తిరిగిపోయినవాళ్ళు ఎవరి పుస్తకంలోనూ ఉండరు. అలాంటి అంకెలతో కట్టిన మోడల్ తక్కువ పిండి వేయమంటుంది, తక్కువ అమ్ముడవుతుంది, ఆ అంకె మళ్ళీ మోడల్‌లోకి పోతుంది. అందుకని సరుకు ఏ టైముకి అయిపోయిందో కూడా రాయించండి. ఆ ఒక్క గడి లేకపోతే మిగతా పుస్తకం సగం వృథా.

రెండో గుంట ఇంకా లోతు. అనిశ్చితి ఒకటే ఉంటే సరే, రెండు మూడు ఉంటే అవి కలిసి కదులుతాయా లేదా? 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో ఏమైందో అందరికీ గుర్తుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది, బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ లేదు. అదే రోజుల్లో బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్ మునిగింది. ఈ రెండూ వేర్వేరు నీళ్ళు. కానీ రెంటి మీదా కురిసింది ఒకే వాన. పైగా బుడమేరు మళ్ళింపు కాలువ కలవాల్సింది కృష్ణలోనే. కృష్ణ నిండి ఉంటే ఆ నీరు దిగదు. ఇప్పుడు ఒక కుర్ర ఇంజనీరు కాగితం మీద, కృష్ణకి పెద్ద వరద వచ్చే అవకాశం 50లో 1, బుడమేరుకి 50లో 1, రెండూ కలిసి రావడం 2,500లో 1 అని గుణించాడనుకోండి. అంకెలు ఉదాహరణకే, కానీ ఆ గుణకారమే ప్రమాదం. కలిసి వచ్చేవాటిని విడివిడిగా గుణించకూడదు. చేతిలో పాత రోజుల రికార్డు ఉంటే అన్ని కాలమ్స్‌నీ ఆ రోజుకి ఆ రోజుగా, చీల్చకుండా తీసుకోండి. సంబంధం ఎంతుందో లెక్కకట్టకపోయినా అది ఆ వరసల్లోనే ఉంటుంది.

సినారియోలు ఎన్ని కావాలి? యాదృచ్ఛికంగా శాంపిల్ తీసి సగటు వేసి పరిష్కరించే పద్ధతిని ఎస్ఏఏ (శాంపిల్ యావరేజ్ అప్రాక్సిమేషన్) అంటారు. అందులో తప్పు సగానికి తగ్గాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. వందతో మొదలుపెట్టి నాలుగు వందలకి పెంచండి, జవాబు పెద్దగా కదలకపోతే చాలు.

ఆరో మెట్టు: సగటు సరిపోని చోటు

గుంటూరులో ఉండి మిర్చి గురించి మాట్లాడకుండా ఎలా? మా అమ్మ తరఫు వాళ్ళది మిర్చి సాగే. కాయ కళ్ళంలో ఎండాక ఏటా ఒకటే చర్చ: యార్డుకి తోలి ఇప్పుడే అమ్మేద్దామా, ఏసీలో పెడదామా? ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ, ఊళ్ళో ఎవరూ పూర్తి పేరు పలకరు.

మళ్ళీ తేలిక అంకెలే వేసుకుందాం. చేతిలో 50 క్వింటాళ్ళు. ఈరోజు రేటు 12,000. కొన్ని నెలలు ఆగితే 10,000 కావచ్చు, 13,000 కావచ్చు, 18,000 కావచ్చు. అవకాశాలు 30, 40, 30 శాతం. ఏసీ అద్దె, వడ్డీ, హమాలీ కలిపి క్వింటాలుకి 800. ఆగితే వచ్చే సగటు 13,600, ఖర్చు పోను 12,800. ఈరోజు కంటే 800 ఎక్కువ. మోడల్‌కి ఇస్తే తడుముకోకుండా మొత్తం 50 క్వింటాళ్ళూ ఏసీలో పెట్టమంటుంది. లీనియర్ మోడల్ స్వభావమే అది. సగటు ఒక్క రూపాయి అటు మొగ్గినా సరుకంతా అటే పడేస్తుంది.

మా తాతయ్య ఎప్పుడూ అలా చేయలేదు. "సగం అమ్మెయ్, సగం ఉంచు" అనేవాడు. ఓఆర్ కొత్తగా చదువుకున్న రోజుల్లో నాకది చాదస్తంగా అనిపించింది. నిజానికి తాతయ్య లెక్కలో ఒక షరతు ఉంది, నా మోడల్‌లో లేదు. రేటు 10,000కి పడితే ఖర్చు పోను చేతికొచ్చేది 9,200. ఈరోజు అమ్మితే వచ్చేదానికన్నా క్వింటాలుకి 2,800 నష్టం. 50 క్వింటాళ్ళూ పెట్టి ఉంటే 1,40,000 పోయినట్టు. కౌలు కట్టాలి, ఎరువుల కొట్టులో బాకీ తీర్చాలి. అంత దెబ్బ ఇల్లు తట్టుకోదు, 70,000 దాకా అయితే ఎలాగోలా లాగొచ్చు. ఈ ఒక్క వాక్యాన్ని షరతుగా రాయండి: చెడ్డ సినారియోలో నష్టం 70,000 దాటకూడదు. సాల్వర్ వెంటనే 25 క్వింటాళ్ళు ఏసీలో, 25 యార్డులో అంటుంది. సగం, సగం.

ఈ షరతుని కాస్త మెరుగ్గా రాసే పద్ధతి సీవీఏఆర్ (కండిషనల్ వాల్యూ ఎట్ రిస్క్). అన్నింటికన్నా చెడ్డగా ఉన్న, ఉదాహరణకి 30 శాతం, సందర్భాలను పక్కకి తీసి వాటి సగటు నష్టాన్ని చూస్తుంది. దీన్ని లీనియర్ ప్రోగ్రామింగ్‌లోనే ఇమిడేలా రాయొచ్చని 2000లో రాకఫెలర్, ఉర్యాసెవ్ చూపించారు. సినారియోకి ఒక అదనపు వేరియబుల్, ఒక షరతు చొప్పున, అన్నింటికీ కలిపి ఇంకో వేరియబుల్ పెరుగుతాయి, అంతే. పేరు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఎంత నష్టం తట్టుకోగలరు అన్న అంకె మాత్రం మీరు వేయకూడదు. ఆ డబ్బు ఎవరిదో వాళ్ళనే అడగండి.

నష్టం డబ్బులో కొలవలేనిదైతే ఇంకో రకం షరతు ఉంది. చార్న్స్, కూపర్ 1959లో రాసిన చాన్స్ కన్‌స్ట్రెయింట్: ఈ షరతు వందలో కనీసం 95 సార్లు నిలబడాలి అని రాయడం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగేది మూడు టీఎంసీలే, పెద్ద వరదని అది దాచుకోలేదు. దాచుకునే చోటు పైన పులిచింతలలో, 45.77 టీఎంసీలు. అక్కడ ఆగస్టులో నీళ్ళు నిండుగా ఉంచితే డెల్టా ఆయకట్టుకి భరోసా. ఖాళీ ఉంచితే వరదని కాసేపైనా ఆపొచ్చు. ఎంత ఖాళీ ఉంచాలన్నది సరిగ్గా ఇలాంటి షరతు. ఇక్కడ ఒక జాగ్రత్త: 95 సార్లు నిలబడాలి అన్న షరతు, మిగతా అయిదు సార్లు ఎంత ఘోరంగా తప్పుతుందో పట్టించుకోదు. గట్టు మీద నుంచి అంగుళం నీరు పొర్లినా, గట్టే తెగినా దానికి ఒకటే. అందుకే నీటి విషయంలో నేను దీన్ని ఒంటరిగా వాడను, సీవీఏఆర్‌తో కలిపి చూస్తాను.

ఏడో మెట్టు: దశలు పెరిగితే

ఇక్కడికి రావడానికి మీకు రెండు నెలలు పట్టి ఉంటుంది. కావాలంటే ఇక్కడ ఆగిపోవచ్చు, చాలా ఉద్యోగాలకి రెండు దశలే చాలు. ఆగకపోతే, మిర్చిని ఒక్కసారి కాకుండా నెలనెలా కొంచెం అమ్మే సమస్య తీసుకోండి. ప్రతి నెలా రేటుకి మూడు దారులు అనుకుంటే ఏడాదికి దారులు మూడుని పన్నెండుసార్లు గుణించినన్ని, అంటే 5,31,441. దీన్నే సినారియో చెట్టు అంటారు. మర్రిచెట్టు నయం.

అంతటినీ ఒకే మోడల్‌గా రాస్తే సాల్వర్ కూలబడుతుంది. ముక్కలు చేసి, ముక్కల మధ్య డ్యూయల్ ధరలు పంపుకునే పద్ధతులు ఉన్నాయి. బెండర్స్ 1962లో చెప్పినదాన్ని వాన్ స్లైక్, వెట్స్ 1969లో స్టొకాస్టిక్ సమస్యలకి మలిచారు, దాని పేరు ఎల్-షేప్డ్ పద్ధతి. ఎక్కువ దశలకి ఎస్‌డీడీపీ (స్టొకాస్టిక్ డ్యూయల్ డైనమిక్ ప్రోగ్రామింగ్). బ్రెజిల్ కరెంటు ఎక్కువగా జలాశయాల మీదే ఆధారపడుతుంది. ఈ నెల నీళ్ళు వదిలితే వచ్చే నెల వాన రాకపోతే ఎలా అన్న వాళ్ళ బాధలోంచి పెరీరా, పింటో 1991లో దీన్ని ప్రచురించారు. నేర్చుకోవాలంటే జూలియా భాషలో జంప్, ఎస్‌డీడీపీ ప్యాకేజీలు వాడండి. ముందు ఎల్-షేప్డ్ పద్ధతిని ఇడ్లీ లెక్క మీద చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి చూడండి. జవాబు 150 అని తెలుసు కాబట్టి కట్స్ (ప్రతి చుట్టులో చేరే కొత్త షరతులు) ఎలా దగ్గరికి జరుగుతున్నాయో కళ్ళకి కనిపిస్తుంది. ఇది చేయకుండా ప్యాకేజీ వాడితే లోపల ఏముందో తెలియని నల్ల డబ్బా వాడినట్టే.

అసలు అవకాశాలే తెలియవు, హద్దులు మాత్రమే తెలుసు అన్నప్పుడు రోబస్ట్ ఆప్టిమైజేషన్ అని పక్క దారి ఉంది. బెర్ట్సిమాస్, సిమ్ 2004లో రాసిన పద్ధతి అందులో మొదట చదవడానికి వీలైనది. కొత్త వైరస్, కొత్త సరుకు, చరిత్ర లేని వ్యాపారం లాంటి చోట్ల అది వాడండి.

చివరి మెట్టు: దాచిపెట్టిన నెల

అయిదో మెట్టులో మూడు నెలల నోటుబుక్కు తెచ్చుకున్నారు కదా. మోడల్‌కి రెండు నెలలే చూపించి, మూడో నెల దాచండి. మోడల్ రెండు నెలల డేటాతో ఎంత పిండి వేయమంటుందో రాసుకోండి. సగటు పద్ధతి ఎంత వేయమంటుందో రాసుకోండి. బండి ఆయన నిజంగా ఎంత వేశాడో మూడో కాలమ్‌లో రాయండి. ఇప్పుడు మూడో నెలలో ఒక్కో రోజుకీ మూడింటి లాభం కట్టండి. మోడల్ తన సినారియోల మీద చెప్పుకున్న లాభం మామూలుగా కొంచెం ఎక్కువగానే ఉంటుంది, అది తను చూసిన ప్రశ్నలకే పరీక్ష రాసింది కాబట్టి. ఈ నెల మీద వచ్చే అంకె అసలుది.

మోడల్ సగటు పద్ధతిని బాగా మించితే సంతోషం. రోజుకి ఇరవై రూపాయలే మించితే పద్ధతి మార్చమని ఎవరినీ బతిమాలకండి. బండి ఆయన మూడో కాలమ్ మోడల్‌ని మించితే మాత్రం, మళ్ళీ మూడో మెట్టుకి వెళ్ళి, ఆయన పొద్దున్నే ఇంకేం చేస్తున్నాడో పక్కన నిలబడి చూడండి.